వరికీ 24, కుంకుమపువ్వుకీ 24: క్రోమోజోములు ఎక్కువుంటే పంట మెరుగైనదా?

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నాయి. వరికి 24 క్రోమోజోములు, గోధుమకి 42, చెరకుకి వంద పైనే అంటారు కదా, ఎక్కువున్నదే మేలైన పంటా? అయితే వరికీ రెట్టింపు చేసేస్తే దిగుబడి పెరగదా? గింజల్లేని పుచ్చకాయకి విత్తనం ఎక్కడిది? చివరిది, ఉల్లి వేరు స్లైడ్ నాలుగుసార్లు చేసినా దానికి ఉండాల్సిన 16 క్రోమోజోములు ఎందుకు లెక్కకు రావడం లేదు?

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. క్రోమోజోముల సంఖ్యకీ పంట గొప్పతనానికీ సంబంధం లేదు. పువ్వులో పుప్పొడి, అండం తయారయ్యే వేళ ప్రతి క్రోమోజోముకూ జత దొరుకుతోందా లేదా అన్నదే చూడాలి. వరిని రెట్టింపు చేయొచ్చు. చాలామంది చేశారు, నేనూ చేశాను. గింజ లావైంది, దిగుబడి పడిపోయింది. గింజల్లేని పుచ్చకాయ విత్తనాన్ని ప్రతిసారీ కొత్తగా తయారు చేయాలి. దాని తల్లికి 44 క్రోమోజోములు, తండ్రికి 22. ఉల్లి సంగతి చివర్లో చెబుతాను, అది పూర్తిగా చేతిపని.

నా గురించి ఒక్క మాట. పాతికేళ్లుగా పంటల సంకరాల మీద పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం వేరుశనగను దాని అడవి జాతులతో కలపడంలోనే గడిచింది. కాబట్టి నా ఉదాహరణలు కాస్త అటువైపు మొగ్గుతాయి, ఏమీ అనుకోకండి.

మీరు చెప్పిన 24నే తీసుకుందాం. వరికి 24. టమాటాకి 24, మిరపకి 24. కుంకుమపువ్వు మొక్కకీ 24. మొదటి మూడూ గింజల మీద గింజలు కాస్తాయి. కుంకుమపువ్వు మొక్క మాత్రం శతాబ్దాలుగా పూయడమే గానీ విత్తనం కట్టదు, దుంపలతోనే నాటుకోవాలి. లెక్క ఒకటే అయినా పద్దు వేరు. ఒక్కో రకం క్రోమోజోము ఒక్కొక్కటి చొప్పున ఉన్న పూర్తి కట్టను సెట్టు అంటాం. వరిది 12 చొప్పున రెండు సెట్లు, కుంకుమపువ్వుది 8 చొప్పున మూడు సెట్లు. అందుకే నా దగ్గరికి వచ్చే విద్యార్థులు "ఈ మొక్కకి ఇన్ని క్రోమోజోములండీ" అనగానే "ఎన్ని సెట్లు?" అని అడుగుతాను. సెట్టు తెలియకుండా సంఖ్య ఒక్కటే తెలిస్తే ఏమీ తెలియనట్టే.

సంఖ్య మీద మోజు పోవడానికి ఇంకో రెండు ముక్కలు. పుప్పొడిలోకి వెళ్లే సగం భాగం లెక్కన చూస్తే, ఉల్లి 8 క్రోమోజోముల్లో సుమారు 1,600 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. గోధుమకి 21 క్రోమోజోముల్లో కలిపి దాదాపు అంతే. వరికి 12లో 40 కోట్లకు అటూ ఇటూ. అంటే వరి కంటే తక్కువ క్రోమోజోములున్న ఉల్లిలో, వరికి నలభై రెట్ల సరుకు ఉంది! అందులో అధిక భాగం మళ్లీ మళ్లీ వచ్చే నకళ్లే లెండి. ఇక రెండోది ఓఫియోగ్లాసం రెటిక్యులేటం అనే చిన్న ఫెర్న్. దానిలో 1,260 క్రోమోజోములు లెక్కపెట్టారు. నేల మీద ఒక ఆకు, పక్కన కంకిలాంటి ఒక కాడ. అంతే దాని వైభవం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కణ విభజన రెండు రకాలని చదివే ఉంటారు. పాఠాల్లో దశల పేర్లు బట్టీ పట్టించి, ఆ రెంటికీ ఉన్న అసలు తేడాను పైపైన చెప్పి వదిలేస్తారు. వేరు కొనలో, చిగురులో జరిగేది సమ విభజన. ప్రతి క్రోమోజోమూ ముందు తన నకలు తయారు చేసుకుంటుంది. తర్వాత కణం మధ్యకు వచ్చి నిలబడుతుంది. కండె పోగులనే సన్నటి దారాలు రెండు వైపుల నుంచీ లాగుతాయి, ఒక నకలు ఇటు, ఒకటి అటు. ఇందులో పక్కన ఎవరున్నారన్నది అనవసరం. 24 ఉన్నా, 33 ఉన్నా, 41 ఉన్నా దేని పని అది చేసుకుపోతుంది. బేసి సంఖ్య ఉన్న మొక్క కూడా ఏపుగా పెరగగలిగేది ఇందుకే.

పరాగకోశంలోనూ అండాశయంలోనూ జరిగే క్షయకరణ విభజన అలా కాదు. అక్కడ సంఖ్య సగం కావాలి. ఆ సగం ఏదో ఒక సగం అయితే చాలదు, ఒక పూర్తి సెట్టు కావాలి. అందుకని ప్రతి క్రోమోజోమూ తనలాంటి రెండోదాన్ని వెతుక్కుని, పొడవునా అతుక్కుని, ముక్కలు మార్చుకుని, ఆ తర్వాతే చెరో వైపు కదులుతుంది. ఆ ముక్కల మార్పిడి కంటికి కనిపించేలా రుజువైంది కూడా ఒక పంట మొక్కలోనే: 1931లో హ్యారియట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూపించారు. జత దొరకని క్రోమోజోము ఏమవుతుందో స్లైడ్ మీద చక్కగా తెలుస్తుంది. రెండు గుంపులు చెరో కొసకు చేరిపోయాక మధ్యలో ఒకటో రెండో చుక్కలు తచ్చాడుతూ ఉంటాయి. కాసేపటికి కణం గోడ కట్టేసుకుంటుంది. అవి కేంద్రకంలో చేరలేక బయటే చిన్న ముద్దగా మిగిలిపోతాయి. అలాంటి కణం నుంచి వచ్చే పుప్పొడి చాలావరకు ఒట్టి డొల్ల.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. సాగులో ఉన్న అరటి రకాల్లో చాలావాటికి 33 క్రోమోజోములు, 11 చొప్పున మూడు సెట్లు. అంటే ప్రతి రకానివీ మూడేసి ఉన్నాయి. క్షయకరణ విభజనలో రెండు ఒకవైపు పోతే ఒకటి మరోవైపు పోతుంది. ఏ వైపు రెండు పడతాయన్నది పదకొండు గుంపుల్లోనూ దేనికదే బొమ్మా బొరుసూ. సరైన పుప్పొడి రావాలంటే పదకొండు గుంపుల నుంచీ ఒక్కొక్కటే రావాలి, లేదా పదకొండు గుంపుల నుంచీ రెండేసి రావాలి. నాణేన్ని 11 సార్లు ఎగరేస్తే 11 సార్లూ ఒకే వైపు పడాలన్నమాట. అవకాశం 1,024లో ఒకటి. అండం వైపూ అంతే. మంచి పుప్పొడి, మంచి అండం ఒకే గింజలో కలవాలంటే పది లక్షల్లో ఒకటి! నిజం మొక్కలో ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒకటీ అరా ఎక్కువో తక్కువో ఉన్నా బతికే అండాలుంటాయి. అరటిలో అయితే పరాగం అందకపోయినా కాయ ఊరే గుణం కూడా ఉంది. అయినా అరటిపండులో గింజ ఎందుకు లేదంటే పెద్ద కారణం ఇదే.

పుచ్చకాయకీ సెట్టు 11 కావడం కాకతాళీయం, పై లెక్క దానికీ సరిగ్గా సరిపోతుంది. మామూలు పుచ్చకి 22. దాన్ని కాల్చిసిన్ మందుతో 44 చేస్తారు. ఆ 44ను తల్లిగా పెట్టి, 22 మొక్క పుప్పొడి రాస్తే వచ్చే గింజలో 22, 11 కలిసి 33 ఉంటాయి. ఆ గింజ మొలుస్తుంది, తీగ పాకుతుంది, కాయ కాస్తుంది. సమ విభజనకు అడ్డేమీ లేదు కదా. కాయ లోపల గింజ దగ్గరే ఆగిపోతుంది. తినేటప్పుడు కనిపించే తెల్లటి మెత్తటి పొట్టులు ఆగిపోయిన గింజల తొక్కలే. ఈ దారి చూపించింది జపాన్‌కు చెందిన హితోషి కిహారా. 1951లో దీన్ని ప్రచురించారు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. 33 పుచ్చ ఒక్కటే నాటితే కాయలు నిలవవు. దాని పుప్పొడి పనికిరాదు. కానీ కాయ ఊరడం మొదలవ్వాలంటే పరాగ సంపర్కం అనే తట్టు తగలాలి. కాబట్టి మధ్యమధ్యలో మామూలు 22 పుచ్చను ఒక వరుస వేసి తీరాలి, తేనెటీగలు తిరగాలి. ఈ గింజ తొక్క మందం, లోపలి మొలక బలహీనం, అందుకే మొలక శాతం కూడా తక్కువ. వెచ్చగా ఉంచకపోతే, నీరు ఎక్కువైతే కుళ్లిపోతుంది. 44 తల్లి కాయలో గింజలు కొద్దిగానే ఉంటాయి. ఆ విత్తనం ఖరీదు అందుకే.

మరి గోధుమకి ఆరు సెట్లున్నా గింజ ఎలా కడుతోంది? మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్న ఇదే. గోధుమలోని 42, ఒకే మొక్క సెట్టు ఆరుసార్లు పెరిగితే వచ్చింది కాదు. మూడు వేర్వేరు గడ్డిజాతుల సెట్లు, ఒక్కో జాతివి రెండేసి. ముందు రెండు అడవి గడ్డులు కలిసి 28 క్రోమోజోముల గోధుమ పుట్టింది. సుమారు ఎనిమిది, పదివేల ఏళ్ల కిందట ఆ 28 గోధుమ పొలంలో మేక గడ్డి జాతి ఒకటి, 14 క్రోమోజోములున్న ఈజిలోప్స్ టౌషీ, దానితో కలిసింది. సగం సగం వస్తే 14, 7 కలిపి 21. దేనికీ జత లేదు. అయితే ఒక్కోసారి విభజన తప్పి, సగం కాకుండానే మొత్తం 21 ఒకే అండంలోకి, ఒకే పుప్పొడిలోకి పోతాయి. ఆ రెండూ కలిస్తే 42. ఒక్క దెబ్బతో ప్రతి క్రోమోజోముకూ అచ్చు తనలాంటి జత వచ్చేసింది. ఎడ్గార్ మెక్‌ఫాడెన్, ఎర్నెస్ట్ సియర్స్ 1940లలో ఈ కలయికను చేత్తో మళ్లీ చేసి చూపించారు.

అయినా ఒక చిక్కు ఉంది. ఆ మూడు గడ్డులూ దాయాదులు. వాటి క్రోమోజోములు ఒకదానికొకటి చాలా దగ్గరి పోలికతో ఉంటాయి. ఒకదాని జత ఇంకోదానికి అతుక్కుంటే అంతా గందరగోళమే. దాన్ని ఆపే కాపలాదారు ఒక జన్యువు. గోధుమలో 5బీ అని పిలిచే క్రోమోజోము పొడవాటి భుజం మీద ఉంది, పేరు పీహెచ్1. 1958లో రెండు బృందాలు విడివిడిగా దీన్ని పట్టుకున్నాయి. అది ఉన్నంతకాలం గోధుమలో 21 చక్కటి జతలు. అది లేని మొక్కల స్లైడ్ చూస్తే మూడేసి, నాలుగేసి కలిసి వేలాడుతుంటాయి. ఆరు సెట్లున్న గోధుమ విభజన వేళ మాత్రం రెండు సెట్ల మొక్కలా నడుచుకుంటుంది.

పత్తి కథా ఇలాంటిదే: 26, 26 కలిసి 52. ఆవాలు కూడా: 20, 16 కలిసి 36. ఆవ కుటుంబంలో ఏది దేనితో కలిసి ఏది పుట్టిందో 1935లోనే నగహారు యూ ఒక త్రిభుజంగా గీసి చూపించారు. వేరు జాతులు కలిసి రెట్టింపైనంత మాత్రాన మనకు కావాల్సిందే వస్తుందనుకోకండి. 1920లలో కార్పెచెంకో అనే రష్యన్ శాస్త్రవేత్త ముల్లంగిని, క్యాబేజీని కలిపాడు. రెంటికీ 18. సంకరానికీ 18, కానీ జతలు లేక గొడ్డుది. దాన్నుంచి ఎలాగో 36 ఉన్న మొక్క వచ్చింది, గింజ కూడా కట్టింది. పైన క్యాబేజీ గడ్డ, కింద ముల్లంగి వస్తాయని ఆశ. వచ్చినవి క్యాబేజీ వేరు, ముల్లంగి ఆకు!

ఇప్పుడు నా అనుభవం. సాగు వేరుశనగకు 40. ఏ అనే సెట్లు రెండు, బీ అనే సెట్లు రెండు. అడవి బంధువుల్లో చాలావాటికి 20. తిక్క ఆకుమచ్చ తెగులును, తుప్పు తెగులును తట్టుకునే గుణం అడవివాటిలో దొరుకుతుంది. పని ఇలా ఉంటుంది: సాయంత్రం వేరుశనగ మొగ్గను పట్టకారుతో విప్పి కేసరాలన్నీ తీసేయాలి, మర్నాడు పొద్దున్నే అడవి మొక్క పుప్పొడి కీలాగ్రానికి అద్దాలి. వందల పూలకు చేస్తే ఏవో కొన్ని కాయలు దక్కుతాయి. అలా వచ్చిన మొక్కకి 20, 10 కలిపి 30.

మొదటిసారి అలాంటి మొక్క చేతికొచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో! మడి మొత్తంలో అదే ఏపైనది. కొమ్మలు నేల మీద పాకి పక్క మొక్కలను కప్పేశాయి. రోజూ పొద్దున చూస్తే పది, పదిహేను పసుపు పూలు. ఊడ మాత్రం, అదే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడ, ఒక్కటీ నేలకు దిగదు. నెలన్నర పాటు రోజూ కొమ్మలెత్తి చూశాను. చివరికి పుప్పొడికి కార్మైన్ రంగు వేసి చూస్తే ఎర్రగా నిండిన గింజ ఎక్కడో ఒకటి, మిగతావన్నీ ముడుచుకున్న ఖాళీ తొక్కలు. లేత మొగ్గల పరాగకోశాలు నలిపి చూశాక లెక్క తేలింది: పది జతలు, పది ఒంటరివి. అడవి మొక్కదీ ఏ సెట్టే కాబట్టి ఏ, ఏ జతకట్టాయి. బీ సెట్టుకు తోడు లేదు.

మందు ఒకటే, రెట్టింపు చేయడం. కాల్చిసిన్ చేసే పని కండె పోగులు అల్లుకోకుండా ఆపడం. క్రోమోజోములు నకళ్లు తయారు చేసుకుంటాయి, లాగడానికి పోగు ఉండదు, అన్నీ ఒకే కణంలో ఉండిపోతాయి. మందు కడిగేశాక కణం మళ్లీ మామూలుగా విభజన మొదలుపెడుతుంది, కానీ రెట్టింపు సరుకుతో. 1937లో అమెరికాలో బ్లేక్‌స్లీ, ఏవరీ దీన్ని మొక్కల మీద చూపించిన తర్వాత ప్రపంచమంతా అదే పని మీద పడింది. కాల్చికమ్ అనే దుంప మొక్క నుంచి ఆ పేరు వచ్చింది, మన అడవినాభి గడ్డలోనూ ఆ విషమే ఉంటుంది. విషం అన్న మాట ఊరికే అనలేదు. మీ ల్యాబు అలమరలో సీసా ఉన్నా గ్లవ్స్ లేకుండా, పెద్దవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. మొక్క కణానికి చేసేదే మన కణానికీ చేస్తుంది.

నేను ఆ 30 మొక్క కొమ్మ ముక్కల చిగుళ్లకు మందు పెట్టాను. కొన్ని మాడిపోయాయి. బతికినవాటిలో కొన్నిటి ఆకులు మందంగా, ముదురాకుపచ్చగా వచ్చాయి. ఆకు అడుగు పొర ఒలిచి పత్రరంధ్రాలు కొలిస్తే పెద్దవే. రక్షక కణాల్లో హరితరేణువుల లెక్కా పెరిగింది. రెట్టింపైందని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను. పూలొచ్చాయి, మళ్లీ ఊడ లేదు. పుప్పొడి చూస్తే అవే ఖాళీ తొక్కలు. తల పట్టుకున్నాను.

తప్పు ఎక్కడంటే, చిగురు కొనలో కణాలు పొరలుగా ఉంటాయి. ఆకు పైచర్మం, దాని పత్రరంధ్రాలు మొదటి పొర నుంచి వస్తాయి. పుప్పొడి, అండం రెండో పొర నుంచి వస్తాయి. మందు మొదటి పొరను రెట్టింపు చేసి రెండోదాన్ని వదిలేసింది. నేను కొలిచింది చొక్కాని, మనిషిని కాదు. అప్పటి నుంచి పత్రరంధ్రాలను అనుమానం కలిగించే సాక్ష్యంగానే చూస్తాను. నమ్మేది పుప్పొడినే. అదే మొక్క పక్క కొమ్మలు విడివిడిగా పెంచుతూ పోతే ఒక కొమ్మ పూలలో పుప్పొడి నిండుగా కనిపించింది. దానికి 60. దాన్ని సాగు వేరుశనగతో కలిపితే 50. మళ్లీ మళ్లీ సాగు రకంతోనే కలుపుతూ పోతే అదనపువి తరం తరానికీ రాలిపోయి 40కి దిగుతుంది. మధ్యలో ఎక్కడో అడవి ముక్క ఒకటి సాగు క్రోమోజోములోకి చేరాలి, అది తెగులును తట్టుకునే ముక్కే కావాలి. ఏళ్లు పట్టే పని. ఎన్నో మొక్కల్లో ఆ ముక్క రాలిపోయింది కూడా.

వరి దగ్గరికి వద్దాం. వరి 24ను 48 చేస్తే, గోధుమలోలా వేరే జాతి సెట్టు రాలేదు. ఉన్న సెట్టే నాలుగుసార్లు అయింది. ప్రతి రకానివీ నాలుగు. అవి రెండు జతలుగా సర్దుకుంటే బాగే. కానీ ఒక్కోసారి నాలుగూ కలిసి ముడిపడతాయి. ఒక్కోసారి మూడు ముడిపడి ఒకటి విడిగా మిగులుతుంది. లాగేటప్పుడు మూడు ఇటు, ఒకటి అటు పోవచ్చు. 12 గుంపుల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ పుప్పొడి సరైన సెట్టుతో రాదు. నేను చేసిన 48 వరి చూడ్డానికి ముచ్చటేసేది. గింజ లావు, కొసన పొడవాటి మీసం, ఆకు వెడల్పు. కంకిని అరచేతిలో నలిపి ఊదితే సగానికి పైగా తాలు ఎగిరిపోయింది. పిలకలూ తక్కువే, కోతకు ఆలస్యం కూడా. కణం పెద్దదైనంత మాత్రాన మొక్క మొత్తం బరువు పెరగదు. పెద్ద కణాలు తక్కువ సంఖ్యలో ఉంటాయి, విభజన నెమ్మదిస్తుంది.

అయితే రెట్టింపు ఎక్కడా పనికిరాదా అంటే, పనికొస్తుంది. మనం కోసుకునేది గింజ కాకపోతే విభజన తప్పినా పెద్ద నష్టం లేదు. పశుగ్రాసాల్లో నాలుగు సెట్ల రై గడ్డి, ఎర్ర క్లోవర్ ఉన్నాయి. చక్కెర దుంపల్లో 27 క్రోమోజోముల మూడు సెట్ల రకాలు చాలాకాలం సాగులో ఉన్నాయి. పట్టుపురుగులకు వేసే మల్బరీలోనూ మూడు సెట్ల రకాలున్నాయి. బంగాళాదుంప పుట్టుకతోనే నాలుగు సెట్లది, 48. దుంప ముక్క నాటుకుంటాం కాబట్టి దాని పువ్వులో ఏం జరిగినా మనకు పట్టదు. పసుపుకి సాధారణంగా 63, అదీ మూడు సెట్లే, అదీ కొమ్ములతోనే సాగుతుంది.

చెరకు అయితే అసలు లెక్కకు లొంగదు. సాగు చెరకుల్లో 100 నుంచి 130 దాకా ఉంటాయి, రకానికో సంఖ్య. తియ్యటి లావు చెరకుకి 80. దాన్ని తల్లిగా పెట్టి రెల్లు జాతి అడవి చెరకు పుప్పొడి రాస్తే, తల్లి తన సగం ఇవ్వకుండా మొత్తం 80 ఇచ్చేస్తుంది, తండ్రి సగమే ఇస్తుంది. విచిత్రమే గానీ, తీపి ఎక్కువగా నిలబడటానికి ఆ విచిత్రమే సాయపడింది. కోయంబత్తూరులో ఇలాంటి సంకరాలతోనే 1918లో సీఓ 205 అనే చెరకు రకం వచ్చింది. తర్వాత అక్కడే చెరకు క్రోమోజోముల మీద పనిచేసిన వృక్ష శాస్త్రవేత్త జానకి అమ్మాళ్, బ్రిటిష్ శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కల క్రోమోజోముల సంఖ్యలన్నీ ఒకచోట చేర్చారు. మీరు ఇంటర్నెట్‌లో చూసే పట్టికల్లో చాలావాటికి మూలం అలాంటి ఓపికే. చెరకుకి ఇంత గజిబిజి ఎలా చెల్లిందంటే, రైతు నాటేది ముచ్చెలు. ఒకసారి మంచి గడ దొరికితే సమ విభజనతోనే లక్షల ఎకరాలకు పాకుతుంది. దానికి మూల్యం కూడా ఉంది. అన్నీ ఒకే మొక్క నకళ్లు కాబట్టి ఒక తెగులు వస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది. 1960ల నాటికి గ్రో మిషెల్ అనే అరటి రకాన్ని పనామా తెగులు ఎగుమతి తోటల నుంచి తుడిచేసింది ఇందుకే.

ఇక మీ ఉల్లి స్లైడ్. మీరు రాసినదాన్ని బట్టి వేరు కోసి, నేరుగా రంగులో వేసి, నలిపి చూశారు. అలా చేస్తే విభజనలో ఉన్న కణాలు కనిపిస్తాయి, కానీ క్రోమోజోములన్నీ ఒక ముద్దగా ఉంటాయి. కండె పోగులు వాటిని పక్కపక్కనే బిగించి ఉంచుతాయి కాబట్టి 16 విడివిడిగా కనపడవు. నలపడానికి ముందు ఆ పోగులను తెంపాలి. కాల్చిసిన్ అక్కర్లేదు. కోసిన వేళ్లను మంచునీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా పోగులు విడిపోతాయి, గోధుమకి మేం చేసేది ఇదే. ల్యాబులో ఆక్సీక్వినొలిన్ ఉంటే మూడు, నాలుగు గంటలు చాలు. ఆ మందును 1950లో ప్రవేశపెట్టిన ఇద్దరిలో జో హిన్ చియో అనే మొక్కల శాస్త్రవేత్త ఒకరు. మనిషికి 48 క్రోమోజోములని అప్పటిదాకా అందరూ చెప్పుకుంటుంటే, 46 అని 1956లో తేల్చినవాడూ ఆయనే, అదే సహచరుడు లెవాన్‌తో కలిసి. మనిషివే అన్నేళ్లు తప్పు లెక్కపెట్టారు, మీరు నాలుగుసార్లకే నిరుత్సాహపడకండి.

తర్వాత మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచండి. వేరు రెండు సెంటీమీటర్లకు మించకూడదు, ముదిరితే కొనలో విభజన తగ్గిపోతుంది. పొద్దున కోయండి. కొన్ని ఉల్లిగడ్డలు మొలకెత్తకుండా రేడియేషన్ చేసి అమ్ముతారు. వాటికి వేళ్లు సరిగ్గా రావు, వస్తే విభజన ఉండదు. గడ్డ మార్చి చూడండి. నలిపే ముందు వేరును ఒక నార్మల్ (1 N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర అయిదారు నిమిషాలు ఉంచితే కణాలు ఒకదాన్నొకటి వదులుతాయి. మీ స్లైడ్‌లో కణాలు దొంతరలుగా కనిపించడానికి కారణం ఈ మెట్టు లేకపోవడమే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, మీరు వేరు ఎంత ముక్క తీసుకున్నారు? అర సెంటీమీటరు అంటే చాలా ఎక్కువ. చివరి ఒకటి, రెండు మిల్లీమీటర్ల పాలరంగు భాగమే కావాలి. మిగతాదంతా తీసి పారేయండి. ఒక చుక్క కార్మైన్‌లో ఆ కొనను సూదితో చిదిమి, కవర్‌స్లిప్ వేసి, అగ్గిపుల్ల మొద్దు కొసతో నెమ్మదిగా తట్టండి. తర్వాత బ్లాటింగ్ కాగితం కప్పి బొటనవేలితో నిటారుగా నొక్కండి. వేలు పక్కకు జరిగితే క్రోమోజోములు చుట్టుకుపోతాయి, ఆ స్లైడ్ పోయినట్టే. నూటికి అయిదో పదో కణాలే విభజనలో ఉంటాయి కాబట్టి ముందు తక్కువ లెన్సుతో స్లైడంతా వెతకండి. కణం చిట్లిపోతే ఒకటి, రెండు క్రోమోజోములు బయటికి జారిపోయి 14, 15 వస్తాయి. పక్క కణానివి చేరితే 17, 18. గోడ చెక్కుచెదరని కణాలు పది దొరికేదాకా లెక్కపెట్టండి. వాటిలో ఎక్కువ కణాలు 16 చూపిస్తే మీ స్లైడ్ బాగా వచ్చినట్టే. అప్పుడు ఫోటో పెట్టండి, చూస్తాను.